శక్త్యాగారం కాదు – టంకశాల

వార్షిక సంచిక కోసం విద్యార్థులు వ్రాసి ఇచ్చిన వ్యాసాలను సరిచూడటం తెలుగు శాఖ వారి విధి. అచ్చుతప్పులు దిద్దటం, వాక్యాల నడకను చక్కబరచటం వరకే మా అధికారం. వ్యాసంలోని విషయం జోలికి మేము సాధారణంగా పోము. కాని ఈ ఏడు ఒక వ్యాసం దగ్గర మా కలం ఆగిపోయింది. జీవశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని జీవకణాన్ని గురించి వ్రాసిన మూడు పుటల వ్యాసమది. దస్తూరి ముత్యాలకోవ. "మైటోకాండ్రియా కణానికి శక్తి భాండాగారాలు" అన్న వాక్యం అందులో నాలుగుచోట్ల కనిపించింది. ఆ అమ్మాయిని పిలిచి, "భాండాగారమంటే నిల్వచేసే చోటు కదమ్మా! అక్కడ శక్తిని ఎవరు తెచ్చి నిల్వ చేశారు? ఎంతకాలం నిల్వ ఉంటుంది?" అని అడిగాము. ఆమె కొంతసేపు మౌనంగా నిలబడి, "సార్, పరీక్షలో అంతవరకే అడుగుతారు" అన్నది.

ఆ జవాబులో ఆ అమ్మాయి దోషం లేదు. ఆమెకు ఆ వాక్యాన్ని అందించిన మనందరి దోషమే ఉన్నది. భాష చెప్పుకునేవారికి కణాలతో పనియేమని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని ఇక్కడ తప్పు మొదలైనది భాషలోనే. కనుక విజ్ఞానశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి, వారు ఇచ్చిన పుస్తకాలు చదివి, తెలుసుకున్నంతవరకు మా అభిప్రాయాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాము.

ముందు మాట సంగతి చూద్దాం. 1898లో కార్ల్ బెండా అనే జర్మను శాస్త్రజ్ఞుడు కణంలోని ఈ సూక్ష్మాంగాలకు మైటోకాండ్రియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో మైటోస్ అంటే దారం, కాండ్రియాన్ అంటే చిన్న పలుకు. దారపు పోగులవలె, పలుకులవలె కనిపించాయి కనుక ఆ పేరు. అవి చేసే పని అప్పటికి ఎవరికీ తెలియదు. పని తెలిసిన తరువాత, 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక ప్రసిద్ధ విజ్ఞాన మాసపత్రికలో వ్రాసిన వ్యాసానికి "కణపు పవర్‌హౌస్" అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. పవర్‌హౌస్ అంటే మనం విద్యుత్కేంద్రం అనేది, ఉర్దూలో బిజ్లీఘర్ అనేది. ఒక రూపంలో వచ్చిన శక్తిని మరొక రూపంలోకి మార్చి పంపే చోటు అది. తెలుగులోకి వచ్చేసరికి అది శక్త్యాగారమైంది, ఆపై శక్తి భాండాగారమైంది. ధాన్యాగారం, ధనాగారం, కారాగారం – ఈ మాటలన్నింటిలోను దాచటం, బంధించి ఉంచటం అన్న భావమే మన చెవికి ముందు తగులుతుంది. భాండాగారం అన్నప్పుడు ఆ భావం మరింత గట్టిపడుతుంది. మార్చే చోటు కాస్తా దాచే చోటైపోయింది. విషయం తలక్రిందులైనది అక్కడే.

కణం శక్తిని సృష్టించదు. శక్తిని సృష్టించటం ఎవరి తరమూ కాదని భౌతికశాస్త్రం చెప్పే మొదటి పాఠం. కణం శక్తిని మారుస్తుంది, మార్చినదాన్ని దాదాపు ఆ క్షణంలోనే ఖర్చు పెడుతుంది. ఈ ఒక్క విషయం మనసుకు ఎక్కితే మిగిలిన అధ్యాయమంతా దానంతట అదే విప్పుకుంటుంది. ఎక్కకపోతే నూరు పేర్లు కంఠస్థం చేసినా ప్రయోజనం లేదు.

మూలధనం సూర్యునిది. వరిచేనులోని ఆకుపచ్చని ఆకును తీసుకోండి. దాని కణాలలో హరితరేణువులు ఉన్నాయి. అవి వెలుగును పట్టి, ఆ బలంతో నీటిని విడగొట్టి, ఆమ్లజనిని గాలిలోకి వదలి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును చక్కెరగా కూరుస్తాయి. దీనిని తెలుగులో కిరణజన్య సంయోగక్రియ అన్నారు: కిరణాల వలన పుట్టిన కూర్పు పని. ఉర్దూలో జియాయీ తాలీఫ్ అన్నారు. జియా అంటే వెలుగు. తాలీఫ్ అంటే కూర్చటం, గ్రంథాన్ని కూర్చటానికి వాడే మాటే అది. రెండు భాషల పెద్దలు వేరువేరుగా కూర్చుని ఒకే భావానికి చేరుకోవటం మాకు ఎంతో ఆనందాన్ని కలిగించింది. ఈ రెండు పేర్లలో ఏ ఒక్కటి విప్పి చెప్పినా పాఠంలో సగం అయిపోయినట్లే. మన తరగతులలో వాటిని విప్పి చెప్పేవారెందరు?

ఇక్కడ మరొక పొరపాటును కూడా ప్రస్తావించాలి. మొక్కలకు హరితరేణువులు, జంతువులకు మైటోకాండ్రియా అని పంచిపెట్టి చదువుకునే విద్యార్థులు కొందరున్నారు. మొక్కలకు రెండూ ఉన్నాయి. హరితరేణువు వెలుగులో సంపాదించిన శక్తిలో అధికభాగం చక్కెర కూర్పుకే వినియోగమవుతుంది. వెలుగు చేరని వేరుకు, రాత్రివేళ ఆకుకు, మొలకెత్తుతున్న గింజకు పని జరగాలంటే మైటోకాండ్రియాయే దిక్కు. వండి పెట్టేది హరితరేణువు. తినవలసినది మొక్క కూడాను.

ఆ చేను పండి, ధాన్యమై, అన్నమై మన కడుపులో పడుతుంది. పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. 180 గ్రాముల గ్లూకోజును నిప్పులో పూర్తిగా కాల్చితే సుమారు 686 కిలోకాలరీల శక్తి ఒక్కసారిగా వేడిగా బయటపడుతుంది. అంత మంట కణంలో పుడితే కణమే బూడిద అవుతుంది. పైగా కణానికి కావలసిన ప్రతి పనీ చిన్నదే. సిటీబస్సు ఎక్కి ఐదువందల నోటు చూపితే కండక్టరు ఏమంటాడో మనకు తెలుసు. గ్లూకోజు ఐదువందల నోటు. కణానికి కావలసినది చిల్లర.

ఆ చిల్లర పేరు ఏ.టి.పి. ఈ నాణేన్ని లోకానికి చూపినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలలోని భాస్వర సమ్మేళనాలను పరిశోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించాడు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. అది కణానికి నాణెం వంటిదన్న సంగతిని 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ స్పష్టం చేశాడు. ఏ.టి.పి.లో మూడు ఫాస్ఫేటులు వరుసగా ఉంటాయి. చివరిది విడిపోయేటప్పుడు వెలువడే శక్తితో కణం పని జరిపించుకుంటుంది. మిగిలినది ఏ.డి.పి. అది పారవేసే వస్తువు కాదు. తిరిగి వచ్చి మూడవ ఫాస్ఫేటును తగిలించుకుని మరల చెలామణిలోకి పోతుంది.

ఈ చెలామణి వేగాన్ని గమనించండి. ఒక మనిషి శరీరంలో ఏ సమయంలోనైనా ఉండే ఏ.టి.పి. 100 గ్రాములకు మించదని అంచనా. కాని ఒక్క రోజులో ఖర్చయి తిరిగి తయారయ్యే ఏ.టి.పి. మొత్తం బరువు ఆ మనిషి బరువుతో పోల్చదగినంత! అంటే ప్రతి అణువూ రోజుకు వందలసార్లు చేతులు మారుతున్నదన్నమాట. ఇక భాండాగారమెక్కడ? నిల్వ ఉన్నది కొవ్వులో, కాలేయంలోని గ్లైకోజెన్‌లో, గింజలోని పిండిలో. మైటోకాండ్రియాలో జరుగుతున్నది నిల్వ కాదు; లోహాన్ని తెచ్చి ముద్రవేసి నాణెంగా పంపటం, అరిగి వచ్చిన నాణేనికి మరల ముద్రవేయటం. దీనికి మన భాషలో సరియైన మాట ఒకటి ఉన్నది: టంకశాల. ఉర్దూలో దీనినే టక్సాల్ అంటారు. రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలు. టంకశాల వెండిని సృష్టించదు, దాచుకోదు. అంగడిలో చెల్లే రూపానికి తెస్తుంది. మైటోకాండ్రియాను కణపు టంకశాల అని వ్రాసిన విద్యార్థికి శక్తి ఎక్కడినుండి వచ్చిందన్న ప్రశ్న తప్పక తోస్తుంది. భాండాగారం అని వ్రాసిన విద్యార్థికి అది తోచదు. మంచి మాటకు, చెడ్డ మాటకు ఉన్న తేడా ఇదే.

టంకశాలలో ముద్ర పడే తీరు మరింత ఆశ్చర్యకరం. గ్లూకోజు మొదట కణద్రవ్యంలోనే రెండు ముక్కలవుతుంది. ఆ మెట్టులో నికరంగా దక్కేది రెండు ఏ.టి.పి.లు మాత్రమే. ఆ ముక్కలు మైటోకాండ్రియాలో ప్రవేశించి, 1937లో హాన్స్ క్రెబ్స్ వివరించిన వలయంలో తిరిగి, తమ ఎలక్ట్రాన్లను అప్పగిస్తాయి. ఆ ఎలక్ట్రాన్లు లోపలి పొరలోని ప్రోటీన్ల వరుస గుండా మెట్లు దిగినట్లు దిగి, చివరకు మనం పీల్చిన ఆమ్లజనిని చేరుతాయి. మనం ఊపిరి పీల్చేది ముఖ్యంగా ఇందుకే. అయితే ఈ మెట్లు దిగటానికి, ఏ.టి.పి. తయారుకావటానికి నడుమ సంబంధమేమిటి? ఎందరో దిగ్గజాలు ఏళ్ల తరబడి ఒక మధ్యవర్తి రసాయనం కోసం వెదికారు. అది దొరకలేదు.

1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడు అటువంటి రసాయనమే లేదన్నాడు. ఎలక్ట్రాన్లు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి ప్రోటాన్లను పొరకు ఒకవైపుకు తోడిపోస్తుంది. ఒకవైపు ఎక్కువ, మరొకవైపు తక్కువ అవుతాయి. ఆ వ్యత్యాసమే శక్తి అన్నాడు. చెరువుకట్టకు ఒకవైపు నీరు నిలిచినట్లే. తూము తెరిస్తే నీరు ప్రవహించి యంత్రాన్ని తిప్పుతుంది. తోటి శాస్త్రజ్ఞులలో ఎందరో ఆ సిద్ధాంతాన్ని నమ్మలేదు. 1966లో ఆండ్రే జాగెన్‌డార్ఫ్, యురీబ్ అనేవారు హరితరేణువుల లోపలి పొరలను చీకటిలో ఆమ్లద్రవంలో నానబెట్టి, తరువాత క్షారద్రవంలోకి మార్చారు. వెలుగు లేదు, అయినా ఏ.టి.పి. తయారైంది! ప్రోటాన్ల వ్యత్యాసం ఒక్కటి ఉంటే చాలునని తేలింది. 1978లో మిచెల్‌కు నోబెల్ బహుమతి లభించింది. హరితరేణువులోను, మైటోకాండ్రియాలోను ముద్రవేసే పద్ధతి ఒక్కటేనన్న సంగతి కూడా దీనితో బోధపడుతున్నది.

ఆ పొర మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. దానికి ఇరువైపుల ఉండే విద్యుత్ వ్యత్యాసం వోల్టులో ఆరవవంతు ప్రాంతం. స్వల్పమే అనిపించవచ్చు. కాని అంత పలుచని పొర మీద అంత వ్యత్యాసమంటే, మీటరు దూరానికి లెక్కగడితే దాదాపు మూడు కోట్ల వోల్టులు! ఆ వాలులో ప్రోటాన్లు దిగుతూ ఏ.టి.పి. సింథేజ్ అనే ప్రోటీన్ యంత్రాన్ని నిజంగానే చక్రంవలె త్రిప్పుతాయి. ఒక్క చుట్టుకు మూడు ఏ.టి.పి.లు. ఈ యంత్రాన్ని వెనుకకు కూడా నడపవచ్చు. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్కేంద్రంలో నీరు దిగేటప్పుడు విద్యుత్తునిచ్చే టర్బైన్లనే, విద్యుత్తునిచ్చి వెనుకకు త్రిప్పి నీటిని పైకి తోడటానికి వాడగలిగేలా నిర్మించారు. కణంలో కూడా అంతే. చెత్తను జీర్ణించుకునే లైసోసోము లోపల ఆమ్లం ఉండాలి. దాని పొరలో ఏ.టి.పి. సింథేజ్‌కు చుట్టమైన మరొక యంత్రం ఏ.టి.పి.ని ఖర్చుచేసి ప్రోటాన్లను లోపలికి తోడుతుంది. సంపాదించేదీ, ఖర్చు పెట్టేదీ ఒకే వంశం వారు.

ఖర్చు సంగతి మన పాఠాలలో మరీ చిన్నచూపుకు గురవుతున్నది. ప్రోటీన్లను అల్లే రైబోసోములకు ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని చేర్చటానికి నాలుగు నాణేల ఖర్చు. కణపు పైపొరలోని పంపు ఒక్క ఏ.టి.పి.తో మూడు సోడియం అయాన్లను వెలుపలికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపుతుంది. ఈ పని నిలిస్తే నాడి పలకదు, ఆలోచన కదలదు. మన మెదడు బరువు శరీరంలో సుమారు 2 శాతం. విశ్రాంతిలో అది వినియోగించే శక్తి దాదాపు 20 శాతం. 1997 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం ఏ.టి.పి. తయారయ్యే తీరును తెలిపిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు, మిగిలిన సగం ఏ.టి.పి. ఖర్చయ్యే ఈ పంపును కనుగొన్న యెన్స్ స్కౌకు ఇచ్చారు. సంపాదనకు ఎంత గౌరవమో ఖర్చుకూ అంత గౌరవం!

ఇదంతా తెలియకపోతే వచ్చే నష్టమేమని అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చాలు. 1930 దశకంలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే మందును సన్నబడటానికి వేలమంది మ్రింగారు. అది మైటోకాండ్రియా పొరను దాటి ప్రోటాన్లను దొంగదారిన మోసుకుపోతుంది. కట్టకు గండి పడినట్లే. తిండి కాలుతూనే ఉంటుంది, నాణేలు మాత్రం తయారుకావు, శక్తి అంతా వేడిగా మారుతుంది. ఒళ్లు కాలిపోయి మరణించినవారున్నారు. 1938లో అక్కడి ప్రభుత్వం అది మనుషులు వాడదగినది కాదన్నది. మన విద్యార్థులలో రేపు మందుల దుకాణం నడిపేవారున్నారు, ఆసుపత్రులలో రోగులకు సేవ చేసేవారున్నారు. సీసాలో శక్తి నింపి అమ్ముతున్నామనే ప్రకటనలను రోజూ చూసేవారు అందరూ. శక్తి అంటే గిడ్డంగిలోని సరుకని నమ్మినవారికి ఇటువంటి మందు ఏమి చేస్తుందో ఊహించటం కూడా సాధ్యం కాదు.

పుస్తకాలలోని అంకెలను కూడా వేదవాక్యంగా భావించరాదు. ఒక్క గ్లూకోజు అణువునుండి 38 ఏ.టి.పి.లు వస్తాయని చాలాకాలం చదివాము, చదివించాము. నేటి లెక్కల ప్రకారం అది 30 లేక 32. పొర గుండా జరిగే చిన్న నష్టాలను, రవాణా ఖర్చులను కలిపి చూస్తే తేలిన సంఖ్య ఇది. 38 అని అప్పగించిన విద్యార్థికి ఈ మార్పు ఒక శిక్ష. ఎందుకు 38 అనుకున్నారో తెలిసిన విద్యార్థికి ఇది ఒక ఆసక్తికరమైన వార్త.

పోటీపరీక్షలలో అనేకం ఆంగ్లంలో ఉన్నప్పుడు ఈ తెలుగు మాటలు, ఉర్దూ మాటలు దేనికని మిత్రులొకరు మమ్ములను అడిగారు. ఆంగ్ల పదాలను తొలగించమని మేము కోరటం లేదు. మైటోకాండ్రియా గ్రీకు మాటే. దానిని మార్చవలసిన పనిలేదు. పేరు ఏ భాషదైనా కావచ్చు, అర్థం మాత్రం విద్యార్థి ఇంట్లో మాట్లాడే భాషలో వెలగాలి. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా స్థాపించి, మరుసటి ఏడు ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినవారు ఈ నమ్మకంతోనే శ్రమించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించింది. ఆ రెండు శ్రమలకూ వారసులం మనం. ఒకే ప్రాంగణంలో రెండు భాషలు ఉన్న ఇటువంటి కళాశాలకు ఈ విషయంలో ఉన్న వసతి పెద్ద కళాశాలలకు సైతం లేదు.

కనుక పాలకసంఘం వారికి, తోటి అధ్యాపకులకు మూడు మనవులు. అంతర్గత పరీక్షలలో ప్రతి శాస్త్రానికి ఒక్క ప్రశ్న అయినా "ఎందుకు", "ఎట్లు" అన్న మాటతో మొదలుకావాలి. పేరు చెప్పి తప్పించుకునే వీలు దానికి ఉండరాదు. తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడింటిలో నూరు శాస్త్రపదాల అర్థాలను వివరించే చిన్న పుస్తకాన్ని విద్యార్థుల చేతనే తయారు చేయించాలి; దానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఈ సంచికలో వచ్చే శాస్త్రవ్యాసాలను భాషాధ్యాపకుడు, శాస్త్రాధ్యాపకుడు కలిసి కూర్చుని చదవాలి.

ఈ మూడవ పనిని మేము ఈ ఏడే ప్రారంభించాము. ఆ అమ్మాయి తన వ్యాసాన్ని తిరిగి వ్రాసింది. మూడు పుటలు ఏడు పుటలైనవి. దస్తూరి మాత్రం తొందరలో కొంత చెడింది. వ్రాసి ఇస్తూ మమ్ములను ఒక ప్రశ్న అడిగింది: "సార్, ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా లేవట. ఆమ్లజనిని ఊరంతా మోసే కణానికి సొంత టంకశాల లేకపోతే చిల్లర ఎట్లా వస్తుంది?" మాకు జవాబు తెలియలేదు. ఇద్దరం కలిసి జీవశాస్త్ర శాఖకు నడిచాము. కణద్రవ్యంలో గ్లూకోజు ముక్కలయ్యేటప్పుడు దక్కే ఆ రెండు ఏ.టి.పి.ల సంపాదనతోనే ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుందనీ, తాను మోసే ఆమ్లజనిని తాను ముట్టదనీ అక్కడి మిత్రులు వివరించారు. అమ్మాయి ఆ సంగతిని ఎనిమిదవ పుటలో చేర్చింది. ఆ వ్యాసం ఈ సంచికకు కొంత పెద్దదే. అయినా ఒక్క వాక్యం కూడా తగ్గించవద్దని సంపాదకవర్గాన్ని కోరుతున్నాము.